సిక్స్‌లైన్ రాస్‌లలో ఏది ఆడ, ఏది మగ? రంగు చూసి చెప్పలేం

షాపులో జోడీ అని ఇచ్చిన రెండు సిక్స్‌లైన్ రాస్ చేపలు (ఉప్పునీటి ట్యాంకుల్లో పెంచే రాస్ అనే సముద్రపు చేపల్లో ఒక జాతి) అచ్చం ఒకేలా ఉన్నాయి, ఏది ఆడో ఏది మగో ఎలా తెలుస్తుంది అని అడిగారు. పైకి చూసి చెప్పడం కుదరదండి. ఆ గీతలు, ఆ ఊదారంగు రెండింటికీ ఒకటే. ఈ జాతిలో జోడీ అని ఎవరు చెప్పినా అది ఊహే. రెండు చేపలు ఒకే ట్యాంకులో కొట్టుకోకుండా ఉన్నంత మాత్రాన జోడీ అనేస్తున్నారు. ఆ మాట నమ్మి కొన్నవాళ్లు తర్వాత చిరిగిన రెక్కల ఫోటోలు పెట్టి ఏం చేయాలని అడుగుతుంటే బాధగా ఉంటుంది.

రాస్‌ల విషయంలో "ఇది ఆడా మగా" అని కాదు, "ఇప్పుడు ఆడా మగా" అని అడగాలి. చాలా జాతుల్లో చేప ముందు ఆడదిగా ఎదుగుతుంది, అవకాశం దొరికితే మగదిగా మారుతుంది. నేను దీన్ని చదివి ఒప్పుకున్నాను కానీ, కళ్లారా చూశాకే అర్థమైంది.

నా దగ్గర మెలనూరస్ అనే జాతి రాస్‌లు మూడు ఉండేవి, ఒక మగ, రెండు ఆడ. ఒకరోజు పొద్దున లేచి చూస్తే మగది నేల మీద ఎండిపోయి ఉంది. మూతలో పైపు కోసం వదిలిన సందు రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. అందులోంచే దూకింది. (అందంగా కనిపిస్తాయని మూత లేని ట్యాంకులు అమ్మడం నాకు అసలు నచ్చదు. రాస్ పెంచాలంటే చేప కన్నా ముందు మూత కొనాలి.)

నాలుగు రోజులకే పెద్ద ఆడచేప తీరు మారింది. ఈ చేపలు రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి, అంతకుముందు ఇది అన్నిటికన్నా ఆలస్యంగా లేచేది. ఇప్పుడు ముందే లేచి, రెక్కలన్నీ విప్పుకుని చిన్నదాని చుట్టూ తిరిగేది. చిన్నది మేతకు వస్తే అడ్డంగా నిలబడేది. రంగు మాత్రం వీసమెత్తు మారలేదు. వీపు రెక్క మధ్యలో, లేత అంచుతో కన్నులా కనిపించే నల్ల చుక్క అలాగే ఉంది. మెలనూరస్‌లో ఆడదాన్ని గుర్తుపట్టేది ఆ చుక్కతోనే.

వారానికోసారి ఫోటో తీశాను, ప్రతిసారీ తెల్ల లైటు కిందే. నీలి లైటు కింద తీసిన ఫోటో పెట్టి ఆడా మగా చెప్పమంటే ఎవరూ చెప్పలేరు, దయచేసి అలా అడగకండి. ఐదో వారానికి చుక్క అంచు చెదిరింది. తొమ్మిదో వారానికి అది మసక నీడలా మిగిలింది. ఒంటి మీద తల నుంచి తోక దాకా సాగే నీలి గీతలు వెనక భాగంలో తెగి, పైనుంచి కిందికి దిగే పట్టీలయ్యాయి. నాలుగు నెలలు తిరిగేసరికి పోయిన మగదానికీ దీనికీ తేడా కనిపించలేదు.

అందుకే నేను రంగు కన్నా నడతనే ముందు చూస్తాను. 1972లో రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ పగడాల దిబ్బల్లో క్లీనర్ రాస్‌ల గురించి ఇదే రాశారు. గుంపులో ఉన్న ఒక్క మగచేప పోతే, అన్నిటికన్నా పెద్ద ఆడది రెండు గంటల లోపే మగదానిలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది, రెండు మూడు వారాల్లో వీర్యం కూడా విడుదల చేయగలుగుతుంది. క్లీనర్ రాస్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నా, దాన్ని మాత్రం ఇంటికి తేవద్దు. ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులే దాని తిండి. ట్యాంకులో అవి దొరక్క చాలావరకు చిక్కి చచ్చిపోతాయి.

రంగు పనికొచ్చే జాతులూ ఉన్నాయి. ఎల్లో కోరిస్ అనే రాస్‌లో వీపు రెక్క మీద రెండు మూడు చుక్కలుంటే పిల్లో ఆడదో, ముందు చుక్క ఒక్కటే మిగిలితే మగది. ఫ్లాషర్ రాస్ మగవాటికి వీపు రెక్క నుంచి పొడవాటి పోగులు లేస్తాయి, ఆడవి చిన్నగా, సాదా ఎరుపులో ఉంటాయి. ఫెయిరీ రాస్ మగది ఆడచేపలు లేకుండా ఒంటరిగా ఉంటే క్రమంగా వెలిసిపోతుంది, దాన్ని చూసి ఆడదనుకునేవాళ్లున్నారు. కరీబియన్‌లోని బ్లూహెడ్ రాస్‌లో అయితే ఆడ రంగులోనే తిరిగే చిన్న మగచేపలు కూడా ఉంటాయి. అంటే ఆడ రంగు ఉన్నంత మాత్రాన ఆడదని కాదు.

ఇక మీ రెండింటి సంగతి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే కొంచెం ఆశ ఉంది. రెండూ సమానంగా ఉంటే నాకు భయమే, సిక్స్‌లైన్‌లు మొండివి. మేత వేసేటప్పుడు పక్కన కూర్చుని పది నిమిషాలు చూడండి. పెద్దది రెక్కలు విప్పి చుట్టూ తిరిగి వదిలేస్తే ఉండనివ్వండి. రాళ్ల సందుల దాకా తరిమి, చిన్నది మేతకు రాకుండా మూలన ఆగిపోతే ఆ సాయంత్రమే వేరు చేయండి. తోక చిరిగేదాకా ఆగొద్దు.