షాపు కంప్యూటర్ బాగుచేసిన అబ్బాయి ఈసీఈ అడుగుతున్నాడు

ప్రశ్న: మాది ఒంగోలు. బట్టల షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. చదువులో ఫర్వాలేదు. కానీ సెలవులకు ఇంటికి వస్తే గ్రాఫిక్స్ కార్డుల వార్తలు తప్ప వేరే లోకం లేదు. ఏ కార్డు ఎప్పుడు వస్తుందో, ఏది ఎంత వేడెక్కుతుందో అన్నీ నోటికి చెబుతాడు. గేములూ ఆడతాడు. మొన్న దసరాకు వచ్చినప్పుడు షాపులో బిల్లింగ్ కంప్యూటర్ మాటిమాటికీ ఆరిపోతుంటే వాడే సరిచేశాడు. ఇప్పుడు సీఎస్‌ఈ వద్దు, ఈసీఈ చదివి హార్డ్‌వేర్‌లోకి వెళ్తానంటున్నాడు. బంధువులు నవ్వుతున్నారు. హార్డ్‌వేర్ అంటే చివరికి రిపేరు షాపే కదా అని నాకూ భయంగా ఉంది. పైగా లక్షన్నర పెట్టి గేమింగ్ కంప్యూటర్ కొనివ్వమంటున్నాడు. ఏం చేయాలి?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నింటికన్నా ముఖ్యమైన సంగతిని మీరు మాటవరసకు చెప్పి వదిలేశారు. అదే బిల్లింగ్ కంప్యూటర్ సంగతి. అందుకే మీకు ఫోన్ చేసి, మీ అబ్బాయితోనూ కాసేపు మాట్లాడాను. అంతకుముందు చూసిన మెకానిక్ హార్డ్ డిస్క్ పోయిందని, మార్చాలని అన్నాడట. మీ వాడికి ఆ మాట మింగుడుపడలేదు. డిస్క్ చెడిపోతే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది, ఫైళ్లు తెరుచుకోవు. ఇలా ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆరిపోవడం ఏమిటని అనుమానించాడు. ముందు దుమ్ము దులిపాడు. ప్రాసెసర్ ఎంత వేడెక్కుతోందో చూశాడు. ర్యామ్‌ను ఒక స్లాటు నుంచి ఇంకో స్లాటుకు మార్చాడు. ఇవేవీ కావని తేలాక స్నేహితుడి ఇంటి నుంచి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) తెచ్చి బిగించాడు. రోజంతా ఆగకుండా నడిచింది. నాకు బాగా నచ్చింది ఆ తర్వాత చేసిన పని. పాత ఎస్‌ఎంపీఎస్‌ను తిరిగి పెట్టి, కంప్యూటర్ మళ్లీ ఆరిపోవడం కళ్లారా చూశాకే మిమ్మల్ని కొత్తది కొనమన్నాడు.

పదిహేడేళ్ల పిల్లవాడు ఆ చివరి మెట్టు ఎక్కడం నేను అరుదుగా చూశాను. పెద్దవాళ్లం మనమే, బాగైంది కదా అని చేతులు దులుపుకుంటాం.

చిప్పుల పరిశ్రమలో దాదాపు ఇదే పనికి పోస్ట్ సిలికాన్ వ్యాలిడేషన్ అని పేరు. మన దగ్గర డిజైన్ చేసిన చిప్పు తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ లాంటి ఫ్యాక్టరీలో తయారవుతుంది. మొదటి నమూనాలు ల్యాబ్‌కు తిరిగి వస్తాయి. వాటిని బోర్డు మీద పెట్టి కరెంటు ఇస్తారు. ఏదో ఒకటి మొరాయిస్తుంది. తప్పు చిప్పులో ఉందా, బోర్డులో ఉందా, కరెంటు సరఫరాలోనా, సాఫ్ట్‌వేర్‌లోనా? ఒక్కొక్కదాన్ని పక్కకు తప్పిస్తూ అసలు దోషిని పట్టుకోవాలి. 2024లో ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ గురించి మీ వాడిని అడిగి చూడండి, అరగంట చెబుతాడు. గేములు ఆడుతుంటే కంప్యూటర్లు కుప్పకూలేవి. మొదట గ్రాఫిక్స్ కార్డుల మీద అనుమానం పోయింది, ఆ తర్వాత మదర్‌బోర్డుల మీద. చివరికి ప్రాసెసరే అవసరానికి మించి వోల్టేజి అడుగుతోందని తేలింది. ఇంటెల్ మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్ లోపలి ఆదేశాల కోడ్) మార్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. మీ షాపులో జరిగింది ఆ కథకు బుల్లి రూపమే.

ఇక మీ రిపేరు షాపు భయం. సికింద్రాబాద్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వరసగా ఉండే కంప్యూటర్ షాపులు మీరు చూసే ఉంటారు. ల్యాప్‌టాప్ బోర్డును చిప్పు స్థాయిలో బాగుచేయగల మనిషి పని చిన్నదేమీ కాదు. వాళ్లలో కొందరి చేతి నైపుణ్యం ముందు ఇంజినీరింగ్ పట్టాలు వెలవెలబోతాయి. అయితే మీ అబ్బాయి అడుగుతున్న దారి అది కాదు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో డిజైన్ కేంద్రం తెరిచినప్పటి నుంచి మన దేశంలో చిప్పుల రూపకల్పన సాగుతూనే ఉంది. ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఏఎండీ, క్వాల్‌కామ్, ఇంటెల్, ఎన్విడియా, మైక్రాన్‌లకు ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. మీ వాడు ఫోనులో చదివే వార్తల్లోని కార్డుల వెనుక పనిలో కొంత భాగం ఒంగోలు నుంచి ఒక రాత్రి ప్రయాణం దూరంలోనే జరుగుతోంది.

గేముల బొమ్మలే కదా అని బంధువులు అంటే వాళ్లకు ఈ సంగతి చెప్పండి. ఎన్విడియా 1993లో కంప్యూటర్ ఆటలకు బొమ్మలు వేసే చిప్పుల కోసం పుట్టిన కంపెనీ. 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ అనే విద్యార్థి, గేములు ఆడేవాళ్లు కొనుక్కునే జీటీఎక్స్ 580 కార్డులు రెండింటి మీద ఐదారు రోజులు శిక్షణ ఇచ్చి, ఫొటోలను గుర్తుపట్టే అలెక్స్‌నెట్‌ను తయారుచేశాడు. నేటి కృత్రిమ మేధ ఉరవడికి అది పెద్ద మలుపు. ఆటలో లక్షల చుక్కల రంగు ఒకేసారి లెక్కగట్టడానికి పనికొచ్చే గణితమే ఇక్కడా పనికొచ్చింది. ఇంటర్‌లో మన పిల్లలు విసుక్కుంటూ చేసే మాత్రికల గుణకారమే అది.

ఇంతవరకూ మీ అబ్బాయి పక్షాన మాట్లాడాను. ఇప్పుడు వాడికి నచ్చని మాటలు.

చిప్పుల ఉద్యోగంలో చేతికి స్క్రూడ్రైవర్ రాదు. తళతళలాడే కార్డును పెట్టెలోంచి తీసే ఆనందం కూడా ఉండదు. డిజైన్ చేసేవాళ్లు వెరిలాగ్ అనే భాషలో కోడ్ రాస్తారు. వాళ్లకన్నా ఎక్కువమంది ఆ కోడ్‌లో తప్పులు వెతుకుతారు. వెరిఫికేషన్ అనే ఈ పనిలోనే కొత్తవాళ్లు ఎక్కువగా చేరతారు. తెర మీద గీతలుగా కనిపించే సంకేతాలను గంటల తరబడి చూస్తూ, ఒక సంకేతం చిప్పు లోపలి గడియారం లెక్కలో ఒక్క లయ (క్లాక్ సైకిల్) ఆలస్యంగా ఎందుకు వచ్చిందో తేల్చాలి. తెల్లారేసరికి ఫలితం కనిపించదు. ఒక చిప్పు ఊహ నుంచి మార్కెట్టుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఇంత చాదస్తం ఎందుకంటే, సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే రేపు సరిదిద్దవచ్చు, సిలికాన్‌లో అచ్చయిన తప్పును చెరపలేరు. 1994లో ఇంటెల్ పెంటియం చిప్పులో భాగహారం కోసం పెట్టిన పట్టికలో కొన్ని గడులు ఖాళీగా మిగిలిపోయాయి. అమెరికాలో థామస్ నైస్లీ అనే గణిత ఆచార్యుడు తన లెక్కలు తేడా రావడం చూసి దాన్ని బయటపెట్టాడు. ఆ ఖాళీ గడులకు ఇంటెల్ చెల్లించిన మూల్యం 47.5 కోట్ల డాలర్లు.

కాబట్టి మీరు తెలుసుకోవలసింది వాడికి కార్డుల గురించి ఎంత తెలుసన్నది కాదు. బజారులో ధరలన్నీ తెలిసిన మనిషికి మగ్గం మీద కూర్చోగల ఓపిక ఉంటుందని చెప్పలేం. బట్టల వ్యాపారం చేసే మీకు ఈ తేడా నేను వివరించనక్కరలేదు. కొనేవాడి ఆసక్తి వేరు, నేసేవాడి ఆసక్తి వేరు. మీ వాడిది ఏదో చూడటానికి చిన్న ప్రశ్న ఇస్తున్నాను, భోజనం దగ్గర అడగండి.

ఎన్విడియా 2021లో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 12 జీబీ రకంలో మెమొరీకి వెళ్లే దారి 192 బిట్ల వెడల్పు. 2023లో వచ్చిన 4060లో అది 128 బిట్లకు తగ్గింది. లెక్క సులువే. వెడల్పును ఒక్కో తీగ వేగంతో గుణించి ఎనిమిదితో భాగిస్తే సెకనుకు ఎంత సమాచారం పోతుందో తెలుస్తుంది. పాతదానిలో 15 గిగాబిట్ల వేగంతో సెకనుకు 360 గిగాబైట్లు, కొత్తదానిలో 17 గిగాబిట్ల వేగంతో 272 మాత్రమే. కొత్త కార్డుకు దారి ఎందుకు ఇరుకైంది?

కంపెనీ డబ్బు మిగుల్చుకోవడానికి మనల్ని మోసం చేసింది అని వాడు అక్కడితో ఆగితే, అది కొనేవాడి జవాబు. (పూర్తిగా తప్పని నేనూ అనను.) చిప్పు లోపలే ఉండే చిన్న, వేగమైన కాష్ మెమొరీని 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు కాబట్టి బయటికి వెళ్లవలసిన అవసరమే తగ్గింది, మరి ఆ కాష్ చాలని సందర్భం ఏది, అప్పుడు ఏం జరుగుతుంది అని కాగితం తీసి గీస్తూ కూర్చుంటే మాత్రం ఈసీఈకి అడ్డు చెప్పకండి. జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు. రెండు రోజుల తర్వాత తనంతట తానే మళ్లీ ఆ మాట ఎత్తుతాడా లేదా అన్నది గమనించండి.

బ్రాంచి విషయంలో నా సలహా మొండిగా ఉంటుంది. బ్రాంచి కన్నా ముందు కాలేజీని చూడండి. ల్యాబు తాళం తీయని కాలేజీలో ఈసీఈ చదవడం కన్నా మంచి కాలేజీలో సీఎస్‌ఈ మేలు. కంప్యూటర్ ఆర్కిటెక్చర్, కంపైలర్లు (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చేవి), డ్రైవర్ల (హార్డ్‌వేర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) మీద పట్టు సాధిస్తే సీఎస్‌ఈ వాళ్లూ ఇవే కంపెనీల్లో చేరతారు. రెండూ సమానమైన కాలేజీల్లో వస్తే ఈసీఈనే. అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్‌కు మళ్లడం తేలిక. సీఎస్‌ఈ నుంచి సర్క్యూట్ల వైపు రావడం కష్టం. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2023లో వీఎల్‌ఎస్‌ఐ డిజైన్ (చిప్పుల రూపకల్పన) పేరుతో ప్రత్యేక బీటెక్‌కు నమూనా పాఠ్యప్రణాళిక ఇచ్చింది. పేరు ఆకర్షణీయంగానే ఉంది కానీ, దాన్ని బోధించగల అధ్యాపకులు ఆ కాలేజీలో ఎందరున్నారో కనుక్కోకుండా చేర్చకండి. నా ఓటు మామూలు ఈసీఈకే.

ఇంకొక నిజం. పెద్ద చిప్పు కంపెనీలు క్యాంపస్‌కు వెళ్లే కాలేజీలు కొద్దే. మిగతావాళ్లలో చాలామంది గేట్ రాసి, ఎన్‌ఐటీ వరంగల్ లాంటి చోట వీఎల్‌ఎస్‌ఐ ఎంటెక్ చేసి లోపలికి వస్తారు. అంటే నాలుగేళ్లు కాదు, ఆరేళ్ల లెక్క వేసుకోండి. ఈ మధ్యలో ఉద్యోగం గ్యారంటీ అంటూ వీఎల్‌ఎస్‌ఐ శిక్షణ అమ్మేవాళ్లు ఎదురవుతారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం అలాంటి చోట అప్పు చేసి డబ్బు కట్టి, చేతికి సర్టిఫికెట్ తప్ప ఏమీ రాక తల పట్టుకుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యులు ఇంద్రనీల్ సేన్‌గుప్తా వెరిలాగ్ పాఠాలు ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. బీటెక్ రెండో ఏడులో అవి పూర్తిచేసి, సొంతంగా ఒక చిన్న ప్రాసెసర్ రాసి నడిపించిన పిల్లవాడి మాటను ఇంటర్వ్యూలో ఎవరైనా వింటారు.

లక్షన్నర కంప్యూటర్ మాత్రం ఇప్పుడు వద్దు. కారణం పరీక్షలు మాత్రమే కాదు. వెరిలాగ్ నేర్చుకోవడానికి ఐకారస్, జీటీకేవేవ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు, అవి మీ బిల్లింగ్ కంప్యూటర్ మీద కూడా నడుస్తాయి. కొన్ని వేల రూపాయల్లో చిన్న ఎఫ్‌పీజీఏ బోర్డు (మనం రాసిన సర్క్యూట్‌లా పనిచేసే చిప్పు ఉన్నది) వస్తుంది. బీటెక్ మొదటి సంవత్సరం తర్వాత అది కొనివ్వండి. గేమింగ్ కార్డు మీద గేములు ఆడవచ్చు, ఈ బోర్డు మీద సొంత సర్క్యూట్ కట్టవచ్చు. పైగా కృత్రిమ మేధ కేంద్రాలకు మెమొరీ ఎగబడి కొంటుండటంతో ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ అయితే, మామూలు కొనుగోలుదార్లకు అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే ఆపేస్తున్నట్లు ప్రకటించింది. ఈ వార్త మీ వాడికి నాకన్నా ముందే తెలిసి ఉంటుంది. మీరు ఆ కారణం చెప్పి వాయిదా వేస్తే వాడు వాదించలేడు.

గేముల గురించి మీరు అంతగా కంగారుపడనక్కరలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల జోలికి పోలేదని నిర్ధారించుకోండి. వాటిని పార్లమెంటు 2025లో చట్టం చేసి నిషేధించింది. మిగతా ఆటలకు జేఈఈ మెయిన్, ఇంటర్ పరీక్షలు, ఈఏపీసెట్ అయ్యేదాకా వారానికి ఒక పూట చాలని నాతో ఫోనులో ఒప్పుకున్నాడు. ఆ మాట మీద ఎంత నిలబడతాడో చూద్దాం. భౌతికశాస్త్రంలో సెమీకండక్టర్ల అధ్యాయాన్ని మార్కుల కోసం బట్టీపట్టి వదిలేస్తున్నానని కూడా వాడే చెప్పాడు. కార్డుల మీద ఇంత ప్రేమ పెట్టుకుని ఆ పాఠాన్ని బట్టీపట్టడం ఏమిటని కొంచెం గట్టిగానే అన్నాను. మీరు మళ్లీ తిట్టకండి.

చివరగా, అన్నింటికన్నా తొందరగా చేయవలసిన పని ఒకటుంది. షాపులో తీసేసిన ఆ పాత ఎస్‌ఎంపీఎస్‌ను ఇంట్లో దాచుకున్నానని, విప్పి చూస్తానని మీ అబ్బాయి అన్నాడు. కరెంటు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది, గట్టి షాక్ కొడుతుంది. తెలిసినవాళ్లు పక్కన లేకుండా దాని డబ్బా తెరవవద్దని ఈ రోజే చెప్పండి.