సోలోకి పంపే ముందు విద్యార్థికి ఏమి తెలుసో ఎలా తేల్చుకోవాలి?

విమానం నడపడం నేర్చుకుంటున్న మీ మొదటి విద్యార్థి సోలోకి, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడానికి, దగ్గరపడ్డాడని, ప్రీ-సోలో రాతపరీక్షలో దాదాపు అన్నీ సరిగ్గా రాశాడని, అయినా అతనికి విషయం నిజంగా పట్టుబడిందన్న నమ్మకం మీకు కుదరడం లేదని అడిగారు. ఫీనిక్స్ పరిసరాల్లో సెస్నా 172ఎస్ మీద శిక్షణ ఇస్తున్న అనుభవంతో చెబుతున్నాను: మీ అనుమానం సరైనదే, దాన్ని తీర్చుకున్నాకే ఎండార్స్‌మెంట్ (సోలోకి రాతపూర్వక అనుమతి) మీద సంతకం చేయండి.

అమెరికా విమానయాన నిబంధన 61.87 ఈ పరీక్షలో మూడు విషయాలు ఉండాలంటుంది. పార్ట్ 61 (పైలట్ అర్హతలు), పార్ట్ 91 (ఎగిరే నియమాలు)లలో విద్యార్థికి వర్తించే నియమాలు మొదటిది. సోలో జరిగే విమానాశ్రయపు గగనతల నియమాలు, పద్ధతులు రెండోది. ఎగరబోయే మోడల్ విమానం లక్షణాలు, పరిమితులు మూడోది. ఇన్ని మార్కులు రావాలన్న లెక్క ఆ నిబంధనలో లేదు. తప్పు రాసిన ప్రతి సమాధానాన్నీ విద్యార్థితో సమీక్షించిన తరువాతే సోలోకి అనుమతించాలని మాత్రం స్పష్టంగా ఉంది. నేను ఆ సమీక్షనే అసలు పరీక్షగా భావించి, సరిగ్గా రాసిన జవాబులను కూడా అందులోకి తెస్తాను. ఎంసెట్ బిట్లతో పెరిగిన మన పిల్లలు అంకెలను అద్భుతంగా గుర్తుపెట్టుకుంటారు కనుక, వారి విషయంలో ఇది మరీ అవసరం.

ఒక ఉదాహరణ చెబుతాను. బెస్ట్ గ్లైడ్ వేగం (ఇంజిన్ ఆగినప్పుడు విమానం ఎక్కువ దూరం జారగలిగే వేగం) 68 నాట్లని అందరూ రాస్తారు, అది సరైనదే. ఆ తరువాత విద్యార్థిని ర్యాంపు (విమానాలు నిలిపే చోటు) మీద ఆగి ఉన్న విమానంలో కూర్చోబెట్టి, చెక్‌లిస్ట్ మూయించి, "టేకాఫ్ అయింది, 400 అడుగుల ఎత్తులో ఉన్నారు, ఫ్లాప్‌లు పైకే ఉన్నాయి, ఇంజిన్ ఆగింది" అంటాను. నేను చూసేది అతని చేతిని. ఒక విద్యార్థి చెయ్యి నేరుగా ఫ్యూయల్ సెలెక్టర్ (ఇంధన ట్యాంకును ఎంచుకునే మీట) మీదికి వెళ్లింది. యోక్ (విమానం ముక్కును పైకీ కిందకీ కదిలించే స్టీరింగ్) కదలలేదు, అంటే ముక్కు ఇంకా పైకే ఉంది, ఆ ఎత్తులో వేగం పడిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. ముందు ముక్కు దించాలి, 172ఎస్ పుస్తకం ఈ పరిస్థితికి చెప్పే 70 నాట్లు పట్టుకోవాలి, ఎదురుగా దాదాపు సూటిగా కనిపించే చోటే దిగాలి, రన్‌వే కోసం వెనక్కి తిరగకూడదు. అంకె కాగితం మీద ఉండి చేతిలోకి రాలేదంటే, ఆ విద్యార్థికి ఇంకా శిక్షణ కావాలన్నమాట. అతనికి ఆ క్రమం తడబాటు లేకుండా వచ్చేదాకా నేను ఎండార్స్‌మెంట్ రాయలేదు.

గగనతలం ప్రశ్నలు మీ విమానాశ్రయం చార్టు ముందు పెట్టుకునే అడగండి. మేము ఎగిరే మెసాలోని ఫాల్కన్ ఫీల్డ్ క్లాస్ డి (టవర్‌తో రేడియో సంబంధం ఏర్పడ్డాకే ప్రవేశించే గగనతలం), దాని పైన ఫీనిక్స్ స్కై హార్బర్ అనే పెద్ద విమానాశ్రయపు క్లాస్ బి గగనతలం అంచు పరుచుకుని ఉంటుంది. మన కాల్ సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే గుర్తు) పలుకుతూ కంట్రోలర్ "స్టాండ్‌బై" అన్నా క్లాస్ డిలోకి వెళ్లవచ్చు; కాల్ సైన్ పలకకుండా అంటే వెళ్లకూడదు; క్లాస్ బిలోకి మాత్రం స్పష్టమైన క్లియరెన్స్ వినాల్సిందే. ఈ మూడింటినీ విద్యార్థి తన మాటల్లో, కారణంతో సహా వివరించగలగాలి. రేడియో పోతే ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు విమానాన్ని గుర్తించే పరికరంలో) 7600 కోడ్ పెట్టాలని రాసినవారిని అక్కడితో వదలకండి, అప్పుడు టవర్ చూపే దీపాల సంకేతాలను కూడా అడగండి. టవర్ నుంచి నిలకడగా ఎర్రదీపం కనిపిస్తే ఇతర విమానాలకు దారి ఇచ్చి తిరుగుతూ ఉండాలి, మిణుకుమంటే విమానాశ్రయం సురక్షితం కాదు, దిగకూడదు. ఈ రెండింటినీ తారుమారు చేసేవారు చాలామంది.

తెలుగు విద్యార్థి అయితే ఈ వివరణలను తెలుగులోనే చెప్పమంటాను. రేడియో మీద ఇంగ్లీషు తప్పదు గానీ, అర్థమైందో లేదో నాకు తెలియాలంటే అతనికి మాట సులువుగా రావాలి.

వాతావరణం విషయంలో ఆనాటి పరిస్థితినే ప్రశ్నగా మార్చండి. 22 రన్‌వే (220 డిగ్రీల దిశ) మీద గాలి 250 డిగ్రీల దిశ నుంచి 12 నాట్ల వేగంతో వీస్తుంటే పక్కగాలి 6 నాట్లు. లాగ్‌బుక్‌లో మీరు 5 నాట్ల హద్దు రాసి ఉంటే "వెళ్లను" అన్నదే సరైన జవాబు. విమానం చేసిన కంపెనీ 15 నాట్ల వరకు చూపించిందన్న వాదన ఇక్కడ చెల్లదు, ఎందుకంటే 61.89 ప్రకారం ఇన్‌స్ట్రక్టర్ రాసిన హద్దును విద్యార్థి దాటరాదు. 40 డిగ్రీల ఎండలో, పీడనం ప్రామాణికంగా ఉన్నా, 1,394 అడుగుల ఎత్తులోని ఫాల్కన్ ఫీల్డ్‌లో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు) 4,700 అడుగులకు దగ్గరవుతుంది. టేకాఫ్ పరుగు ఎందుకు పెరుగుతుందో అడగండి. మీరు దిగిపోయాక బరువు తగ్గిన విమానం త్వరగా ఎక్కుతుందనీ, దిగేటప్పుడు రన్‌వే మీద ఎక్కువసేపు తేలుతుందనీ అతను ముందే ఊహించి చెప్పగలిగితే, నాకు పూర్తి మార్కులకన్నా అదే ఎక్కువ ధైర్యమిస్తుంది.

ఈ సంభాషణను సోలో రోజున పెట్టకండి. ఎగరాలన్న ఆత్రంలో విద్యార్థి "అర్థమైంది" అనేస్తాడు. కనీసం ఒకరోజు ముందు చేసి, తడబడిన అంశాలు రాసిచ్చి, మరునాడు వాటినే వేరే రూపంలో అడగండి. సోలో ఎండార్స్‌మెంట్ 90 రోజులే చెల్లుతుంది కనుక, వాతావరణం వల్లో ఆరోగ్యం వల్లో మధ్యలో విరామం వస్తే, సంతకం కొత్తగా పెట్టేటప్పుడు ఈ ప్రశ్నలను మళ్లీ అడగండి. అతను వేరే మోడల్ విమానానికి మారితే, ఆ విమానానికి తగిన ప్రశ్నలతో పరీక్ష మళ్లీ పెట్టండి.