గడువుల లెక్క: మొదటి రోజు కలుస్తుందా, కలవదా?

ప్రశ్న: మా పాప ఫిబ్రవరి 4 తెల్లవారుజామున 2.10కి పుట్టింది. ఇరవై ఒకటో రోజు 23వ తేదీ అని పురోహితుడు చెబితే ఆ రోజే ఉయ్యాల్లో వేశాం. ఫోన్‌లో లెక్క వేస్తే 21 రోజులకి 25 వస్తోంది. ఏది సరి?
- ఓ పాఠకురాలు, కావలి

జవాబు: రెండూ సరే. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి, తెల్లవారుజామున పుట్టిన బిడ్డ 3వ తేదీ లెక్కలోకే వస్తుంది. పైగా పుట్టిన రోజునే ఒకటో రోజు అంటాం. అలా 23 వచ్చింది. పదకొండో రోజు కర్మకైనా, 41 రోజుల దీక్షకైనా ఇదే పద్ధతి. మొదటి రోజు కలుస్తుంది.

సర్కారు లెక్క వేరు. అక్కడ రోజు అర్ధరాత్రి మారుతుంది, మొదటి రోజును వదిలేసి మర్నాటి నుంచి లెక్కిస్తారు. జననం 21 రోజుల్లోగా నమోదు కావాలంటే మీకు ఫిబ్రవరి 25 దాకా గడువు. ఆసుపత్రిలో పుడితే సమాచారం పంపాల్సింది ఆసుపత్రివాళ్లే. అయినా పంపారో లేదో ఒక మాట అడగండి. 21 దాటి 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుముతో పోతుంది. ఆ తర్వాత ఏడాదిలోపు రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పేరు ఇంకా పెట్టలేదని నమోదు ఆపకండి. పన్నెండు నెలల్లోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు.

ప్రశ్న: జూన్ 18న ఒంగోలులో రైలెక్కాలి. 60 రోజుల ముందు టికెట్లు తెరుస్తారంటే ఏ రోజు చూడాలి?
- ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు మీ బండి ఒంగోలుకి ఎన్ని గంటలకు వస్తుందో చూడండి. ప్రయాణం రోజును వదిలేసి 60 రోజులు వెనక్కి లెక్కిస్తారు. అయితే ఆ ప్రయాణం రోజు అంటే బండి మొదటి స్టేషన్‌లో బయలుదేరే రోజు, మీరు ఎక్కే రోజు కాదు. పగటి బండైతే ఏప్రిల్ 19. ముందు రోజు సాయంత్రం బయలుదేరి అర్ధరాత్రి దాటాక ఒంగోలు చేరే బండైతే జూన్ 17 నుంచి లెక్క, అంటే ఏప్రిల్ 18. మీరు 19న ఉదయం 8 గంటలకు కూర్చుంటే ఒక రోజు ఆలస్యమైనట్టే. అన్నట్టు, టికెట్ మీద 18వ తేదీ 00.20 అని ఉంటే 17 రాత్రి అన్నం తిని బయలుదేరాలి. 18 రాత్రి స్టేషన్‌కి వెళ్లి బండి కోసం చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ప్రశ్న: 2023 జూన్ 14న రెండు లక్షలకు ప్రోనోటు రాయించుకున్నాను. మూడేళ్లకు కాలదోషం పడుతుందంటున్నారు, అంటే ఆ తర్వాత దావా చెల్లదట. ఆఖరి రోజు ఏది? చెల్లు వేసుకుంటే చాలా?
- ఓ పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: కోరినప్పుడు చెల్లిస్తానని రాసిన మామూలు నోటైతే, రాసిన రోజు వదిలేసి మూడేళ్లు. అంటే 2026 జూన్ 14. మూడేళ్లంటే 1095 రోజులేగా అని యాప్‌లో కొడితే జూన్ 13 వస్తుంది. మధ్యలో 2024 ఫిబ్రవరి 29 ఉంది మరి. చట్టం ఏళ్లు అన్నచోట ఏళ్లే లెక్కపెట్టాలి, నెలలు అన్నచోట నెలలే. రోజుల్లోకి మార్చొద్దు.

జూన్ 14 ఆదివారం. దావా వేసేట్లయితే కోర్టు మళ్లీ తెరిచిన రోజున వేయొచ్చు. ఈ వెసులుబాటు దావాకే. చెల్లు, అంటే కొంత సొమ్ము ముట్టినట్టు నోటు వెనక రాసే రాత, మాత్రం 14వ తేదీ దాటకూడదు.

ఎక్కువగా తప్పు జరిగేదీ చెల్లు దగ్గరే. నోటు వెనక ‘ఈ నోటు బాపతు అసలు వడ్డీల కింద రూ. 500 ఈ రోజు చెల్లు పెట్టడమైనది’ అని తేదీతో రాసి ఉంటుంది. చూస్తే దస్తూరి అప్పిచ్చినాయనది, కింద బాకీదారు సంతకం ఉండదు. అది పనికిరాదు. డబ్బు కట్టినాయన దస్తూరితోనైనా ఉండాలి, ఆయన సంతకమైనా ఉండాలి. నిజంగా డబ్బు ముట్టి ఉండాలి కూడా. ఎంత ముట్టిందన్నది ముఖ్యం కాదు, ఎప్పుడు ముట్టిందన్నదే ముఖ్యం. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. గడువు దాటాక పెట్టిన చెల్లు నోటును బతికించదు. అప్పుడు బాకీదారు ఒప్పుకుని కొత్తగా రాతపూర్వకంగా హామీ ఇవ్వాల్సిందే.

ఫోన్‌లో గుర్తు పెట్టుకునేది జూన్ 14 కాదు, 90 రోజుల ముందు వచ్చే మార్చి 16. చెల్లు పెట్టమంటే బాకీదారు ‘రేపు, ఎల్లుండి’ అన్నా, వకీలును చూసుకోవడానికి, కోర్టు ఫీజు సర్దుకోవడానికి టైముంటుంది.

ప్రశ్న: ఇంట్లో అందరి లైసెన్సులు, బీమాల గడువులు ఎక్సెల్‌లో పెట్టాను. కొన్నిటికి రోజులు తప్పు వస్తున్నాయి, కొన్నిటికి ఎర్రర్ వస్తోంది.
- ఓ పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉన్నట్టుంది. 05/06 అని కొడితే మే 6 అనుకుంటుంది. 25/06 కొడితే ఇరవై ఐదో నెల లేదు కాబట్టి దాన్ని మాటగా తీసుకుంటుంది, ఎర్రర్ అందుకే. మాటగా పడిన తేదీ గడిలో ఎడమకు జరిగి కనిపిస్తుంది, అసలు తేదీ కుడివైపు ఉంటుంది. నెలను అంకెలో కాక పేరుతో కొట్టండి, పేచీ ఉండదు. పాతవన్నీ, ముఖ్యంగా 12లోపు తేదీలు, కార్డులతో మళ్లీ సరిచూడండి. అవి ఎర్రర్ చూపించకుండానే తప్పుగా కూర్చుంటాయి. మిగిలిన రోజులు రావాల్సిన గడిలో 1900 నాటి తేదీ కనబడితే కంగారు పడకండి, ఆ గడి ఫార్మాట్‌ను ‘జనరల్’కి మార్చండి.

డ్రైవింగ్ లైసెన్సుకు మాత్రం రెండు తేదీలు రాసుకోండి. ఒకటి గడువు తీరే రోజు, ఆ తర్వాత రెన్యువల్ అయ్యేదాకా బండి తీయకూడదు. రెండోది దానికి ఏడాది తర్వాతది, అదీ దాటితే మళ్లీ టెస్టుకు వెళ్లాలి.