ముందు ఊపిరి వదులు తల్లీ

చిట్టితల్లీ,

డిసెంబరులో మోజార్ట్ ఓబో కాన్సర్టోకి, అదే మన నాదస్వరంలా రెండు రేకుల పీకతో ఊదే ఓబో ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే ఆ రచనకి, సోలో నువ్వేనని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పట్నుంచీ సంతోషంతో కాలు నిలవడం లేదు, గుండెల్లో గుబులూ తగ్గడం లేదు.

వెనక రెండు ఓబోలు, రెండు హార్న్‌లు, వయొలిన్ల కుటుంబం, అంతే. నీ నాదాన్ని ఎవరూ మింగరు, నీ తప్పునీ ఎవరూ కప్పరు. 1777లో రాసిన ఈ కాన్సర్టోనే మరుసటేడు మోజార్ట్ డి మేజర్ శ్రుతిలోకి మార్చి ఫ్లూట్‌కిచ్చాడు. ఆ ఫ్లూట్ రికార్డింగులు విని ఊపిరి గుర్తులు మాత్రం ఎత్తుకురాకు. వాళ్లకి గాలి చాలదు, మనకి గాలి పోదు.

నీ మొదటి ప్రవేశమే చూడు. గబగబా స్వరాలెక్కి పై సి స్వరం మీద నాలుగు బార్లు, అంటే పదహారు దెబ్బలు, నిలవాలి. కింద ఆర్కెస్ట్రా అసలు వరుస అందుకుంటుంది. నిమిషానికి 120 దెబ్బల లెక్కన ఎనిమిది సెకన్లు. చాలదేమోనని గొంతుదాకా గాలి నింపుకుంటారు చూడు, అక్కడే కొంప మునుగుతుంది. నోట్లో పెట్టుకునే పీక, అదే రీడ్, దాని రేకుల మధ్య సందు గోటి అంచంత. అందులోంచి ఎంతని పోతుంది? పాడుగాలి లోపలే మిగులుతుంది. ఛాతీ బిగుస్తుంది, పెదవులు రీడ్‌ని కరుస్తాయి, స్వరం సన్నబడి శ్రుతి పైకి జారుతుంది. ఆయాసం వస్తే ఊపిరి చాల్లేదనుకుని మళ్లీ పీలుస్తారు. ఇంకేం, ఉక్కిరిబిక్కిరి!

అందుకని ప్రవేశానికి రెండు బార్ల ముందు మొత్తం వదిలెయ్. మూడింట రెండొంతులే పీల్చు. కాగితం మీద వదలడానికి నీలం గీత, పీల్చడానికి ఎర్ర గీత పెట్టు. వాయింపు మధ్య ఆగే సందు చిన్నదైతే వదలడం ఒక్కటే చెయ్యి, పీల్చడం తర్వాతి సందులో. సి మెల్లగా మొదలుపెట్టి పొట్ట బలంతో పెంచు, పెదవితో కాదు.

రీడ్లు మూడు సిద్ధం చేసుకో. నాదస్వరం వాళ్లు విడి పీకలు వాద్యానికే వేలాడదీసుకోరూ, అలాగన్నమాట. ఆ రోజు కొత్త రీడ్ గీకి తయారుచెయ్యకు.

చలి జాగ్రత్త. చల్లటి కర్రలోకి వేడి ఊపిరి ఊదితే లోపల ఉబ్బి బయట పగులుతుంది. పై ముక్కని పది నిమిషాలు చంకలో పెట్టుకో, ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఓబో మీటల కింద నీరు చేరితే ఒత్తడానికి సిగరెట్ కాగితాలు జేబులో ఉంచుకో. అవి ఎందుకో మీ అమ్మకి ముందే చెప్పు.

అన్నట్టు, వేదికెక్కే ముందు కారప్పూస ముట్టుకోవద్దు. పళ్లు తోముకునే రీడ్ నోట్లో పెట్టు. చిన్న పలుకు ఇరుక్కున్నా పై సి పలకదు.

మీ పెద్దనాన్న