రెండో విండోస్ వేయించే ముందు

చి. అమ్ములుకి,

పెదనాన్న ఆశీస్సులు. గవర్నర్‌పేటలో గది తీసుకుని జీఎస్టీ రిటర్నులు, డీటీపీ పనులు మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో సొంతంగా బోర్డు కట్టుకున్న మొదటి ఆడపిల్లవి. ఇక్కడ బ్రాడీపేటలో తెలిసినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాను. లాప్‌టాప్‌లో విండోస్ 11 పక్కన ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటావట, మంచిదే. పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్ళ కోసం విండోస్ 7 కూడా ఎక్కించి ఇస్తానని షాపు కుర్రాడు అన్నాడట. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు.

ఉబుంటుతో పేచీ లేదు. ఆఫీసు పనికి వాడినా పైసా కట్టక్కర్లేదు, ఎన్ని సిస్టముల్లో వేసుకున్నా అడిగేవాడు లేడు. దాని కెర్నల్‌కున్న, అంటే గుండెకాయలాంటి లోపలి ప్రోగ్రామ్‌కున్న, జీపీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సు షరతులు కాపీలు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు వర్తిస్తాయి, వాడుకోవడానికి కాదు. వేసుకోవడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. విండోస్‌లోంచే సీ డ్రైవ్‌ను కుదించి 60 జీబీ ఖాళీ వదులు. విండోస్ త్వరగా తెరుచుకోవడానికి పెట్టిన ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్, లేకపోతే ఉబుంటులోంచి విండోస్ డ్రైవ్‌లో ఏమీ రాయలేవు.

బిట్‌లాకర్, అంటే డిస్కుకి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్, మాత్రం మర్చిపోకు. కొత్త లాప్‌టాప్‌లలో హోమ్ ఎడిషన్‌లో కూడా డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. సిస్టమ్ మొదలయ్యేటప్పుడు కాపలా కాసే సెక్యూర్ బూట్ సెట్టింగు కదిపావా, మర్నాడు పొద్దున్నే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది నీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. లాప్‌టాప్ షాపువాడి మెయిల్‌తో సెటప్ అయితే కీ వాడి దగ్గరే ఉన్నట్టు. ముందే చూసి కాగితం మీద రాసుకో. ఎన్‌క్రిప్షన్ తీసేశాకే ఉబుంటు మొదలుపెట్టు.

ఇక విండోస్ 7. మీ ఇంట్లో పాత సీపీయూ పక్కన అతికించిన స్టిక్కర్ చూశావుగా, దాని మీద విండోస్ కీ 25 అక్షరాలు, సగం చెరిగిపోయి ఉంటాయి. ఆ కుర్రాడు ఆ కీనే లాప్‌టాప్‌లో కొడతాడు. ఒక్కోసారి యాక్టివేట్ కూడా అవుతుంది. అయింది కాబట్టి ఒరిజినలే అనుకోవడం మన ఊళ్ళలో పాతికేళ్ళుగా జరుగుతున్న పొరపాటు. అప్పట్లో సిస్టమ్ అసెంబుల్ చేసి ఇచ్చేవాడు విండోస్, ఫోటోషాప్, పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు అన్నీ ఒకే సీడీలోంచి దింపేసేవాడు. లైసెన్సు ఏదని అడిగితే మనల్నే వింతగా చూసేవాడు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

స్టిక్కర్ మీద ఉన్నది ఓఈఎం లైసెన్సు, అంటే కంప్యూటర్‌తోపాటే వచ్చేది. అది నీదీ కాదు, మీ నాన్నదీ కాదు, ఆ డబ్బాది. సీపీయూ మూలన పడితే లైసెన్సు కూడా దానితోపాటు మూలనే. విడిగా పెట్టెలో కొన్న రిటైల్ విండోస్ అయితే పాత మెషీన్లోంచి తీసేసి కొత్తదానికి మార్చుకోవచ్చు, ఓఈఎంకి ఆ వీలు లేదు. విండోస్ 8 కాలం, అంటే 2012, నుంచి కంపెనీ లాప్‌టాప్‌లకి కీ మదర్‌బోర్డులోనే ఉంటోంది, అందుకే నీ దానికి స్టిక్కర్ కనపడదు.

లాప్‌టాప్ ఒకటే కదా, ఒక లైసెన్సుతో డిస్కులోని రెండు భాగాల్లో (పార్టిషన్లలో) వేసుకుంటే తప్పేంటి అంటావేమో. ఒప్పందంలో ఉన్నది ఒక పరికరం మీద ఒకే కాపీ అని. రెండో విండోస్‌కి రెండో లైసెన్సు కావాలి. వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటర్లోనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్‌లో, పెట్టినా అంతే. అన్నట్టు, వర్చువల్‌బాక్స్ ఉచితమే కానీ దానికి అదనపు సౌకర్యాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వ్యాపారానికి ఉచితం కాదు, జాగ్రత్త. డౌన్‌గ్రేడ్ హక్కు, అంటే పాత వెర్షన్‌కి దిగే వీలు, అని కుర్రాడు ఏదో చెబుతాడు. అది ప్రో ఎడిషన్‌కి ఉంటుంది, నీది హోమ్. ప్రో అయినా విండోస్ 11 నుంచి 10కి దిగొచ్చు గానీ 7 దాకా కాదు, రెండూ ఒకేసారి వాడుకోవడానికి అసలే కాదు. ఆన్‌లైన్లో మూడు నాలుగు వందలకి అమ్మే కీల జోలికి పోకు.

నన్ను అసలు భయపెట్టేది ఆ తర్వాత జరిగేది. కొత్త లాప్‌టాప్‌లో విండోస్ 7 ఇన్‌స్టాలర్‌కి యూఎస్‌బీ 3 పోర్టులు కనపడవు, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం డిస్కు కనపడదు. వాడు గంటసేపు కుస్తీ పట్టి, చివరికి డిస్కు మొత్తం ఎంబీఆర్ అనే పాత పద్ధతికి మార్చి ఫార్మాట్ కొడతాడు. విండోస్ 11 పోతుంది, దానితోపాటు నీ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ కూడా. టాలీ లైసెన్సును ముందు సరెండర్ చేసి, కొత్తగా వేశాక మళ్ళీ యాక్టివేట్ చేసుకోవాలి. సరెండర్ చేయకుండా ఫార్మాట్ అయితే లెక్కలో పాత ఇన్‌స్టలేషన్ మీదే ఉండిపోతుంది. రీసెట్ చేద్దామంటే రిజిస్టర్ చేసిన మెయిల్ నీ చేతిలో ఉండాలి, అది డీలర్ పేరుతో ఉందో ఏమో ఇవాళే చూడు. 11న అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే రిటర్ను 3బీ. ఆ మధ్యలో ఇలాంటి పని పెట్టుకుంటే చెవి పట్టుకు మెలిపెడతాను, ఎంత పెద్దదానివైనా సరే.

కాబట్టి ఇలా చెయ్యి తల్లీ. పాత సీపీయూని దుమ్ము దులిపి గదికి తెచ్చుకో. అందులో విండోస్ 7 లైసెన్సు సక్రమంగానే ఉంది, పేజ్‌మేకర్‌కి, ఫాంట్లకి కొన్న బిల్లులు ఉంటే అవీ అక్కడే చెల్లుతాయి. 2020 జనవరి 14 తర్వాత దానికి అప్‌డేట్లు లేవు, అందుకని ఇంటర్నెట్ కలపకు. పాత ఫైళ్ళు తెరిచి పీడీఎఫ్ చేసుకోవడానికి చాలు. కొత్త పనులు యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లలో తెరుచుకునే అక్షరాల్లో, చెయ్యి. మండలి, రామభద్ర, గిడుగు, ఎన్టీఆర్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సువి, శుభలేఖలకి, ఫ్లెక్సీలకి నిశ్చింతగా వాడుకోవచ్చు. లాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ అయితే అది డబ్బు తీసుకుని చేసే పనికి కాదు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వేసుకో.

ఎవరొచ్చి చూస్తారులే అనకు. కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. సొంతానికి వాడుకున్నవాళ్ళ మీద కోర్టు జైలు లేకుండా పోనివ్వొచ్చు, వ్యాపారానికి వాడితే ఆ వెసులుబాటు లేదు. నీది ఇప్పుడు వ్యాపారం.

ఈ ఆదివారం ఒక్క పని చెయ్యి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్ ఎల్ ఎం జి ఆర్ అని కలిపి కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ డి ఎల్ ఐ కొట్టు. చిన్న పెట్టె వస్తుంది. అందులో ఓఈఎం అనో రిటైల్ అనో ఉంటే సరే. వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని ఉంటే ఆఫీసులకిచ్చే రకం అది, 180 రోజుల గడువుతో నడుస్తుంది, షాపులో కొన్న లాప్‌టాప్‌లో ఉండకూడదు. బిల్లు పట్టుకుని వెళ్ళి అడుగు, కావాలంటే నేనూ వస్తాను. ఆ పెట్టె ఫోటో తీసి వాట్సాప్‌లో నాకు పంపు. కీలో చివరి అయిదు అక్షరాలే కనపడతాయి, పంపినా ఫర్వాలేదు. ఆ 48 అంకెలది మాత్రం నాక్కూడా పంపకు.

మీ పెదనాన్న
గుంటూరు