ఫ్రాంక్లిన్ 13 సుగుణాల పట్టిక ఎలా నడిచేది?

సుగుణమున్న ప్రజలే స్వేచ్ఛకు తగినవారని, చెడేకొద్దీ వాళ్లకు యజమానుల అవసరం పెరుగుతుందని అమెరికా స్థాపక నేతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1787లో ఒక ఉత్తరంలో రాశాడు. సుగుణాన్ని మాత్రం యువకుడిగా ఉన్నప్పుడే లెక్కగట్టి సాధన చేశాడు.

చిన్న పుస్తకంలో సుగుణానికో పేజీ. ఎర్ర సిరాతో నిలువునా ఏడు రోజులకు ఏడు గడులు, అడ్డంగా సుగుణానికొకటి చొప్పున 13 వరసలు. తప్పు చేస్తే ఆ గడిలో నల్ల చుక్క. కిటుకేమిటంటే, అన్నిటినీ ఒకేసారి పట్టుకోలేదు. వారానికి ఒక్క వరసలోనే చుక్క పడకుండా కాసుకునేవాడు. మిగతావాటికి చుక్క పెట్టి ఊరుకునేవాడు. 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు. తిండిలో, తాగుడులో మితం మొదట పెట్టింది బుర్ర తేటగా ఉంటే మిగతావి సులువవుతాయని.

పాత చుక్కలు గీకి గీకి కాగితం చిల్లులు పడింది. దాంతో దంతపు రేకుల మీదికి మారాడు: పెన్సిల్ గుర్తు, తడి స్పాంజితో తుడుపు. అన్నిటికన్నా ఏడిపించింది క్రమం, అంటే ఎక్కడి వస్తువు అక్కడ పెట్టడం! వినయం మొదటి 12లో లేనే లేదు. నిన్ను గర్విష్ఠి అనుకుంటున్నారని క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక మిత్రుడు చెప్పాకే చేర్చాడు.