కోళ్ల గూడు దగ్గర దొరికిన బూడిదరంగు ఈకలు డేగవేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున ఉన్న గ్రామం. పెరట్లో 30 నాటుకోళ్లు పెంచుతున్నాను. నెల రోజుల్లో 4 కోడిపిల్లలు కనబడకుండా పోయాయి. 15 రోజులుగా గూడు దగ్గర, ధాన్యం గాదె కింద రోజుకొకటి అరా బూడిదరంగు ఈకలు దొరుకుతున్నాయి. అవి డేగ ఈకలని, ఉచ్చు పెట్టమని ఊళ్లో అంటున్నారు. కవరులో 8 ఈకలు పంపుతున్నాను. ఇవి దేనివో చెప్పగలరు.

జవాబు: మీరు పంపిన 8 ఈకలలో 7 పావురానివి, ఒకటి మీ కోడిదే. డేగ ఈక వాటిలో ఒక్కటీ లేదు కనుక ఉచ్చు ఆలోచన మానుకోండి. డేగలను పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఈకను రంగుతో పోల్చుకోబోయి చాలామంది పొరబడతారు. ఊరి పావురాలలో బూడిదరంగువి ఎక్కువే అయినా, నల్లమచ్చలవి, ఇటుకరంగువి, పూర్తిగా తెల్లవి కూడా అదే గుంపులో తిరుగుతుంటాయి. మీరు పంపిన తోక ఈక విషయంలో మాత్రం రంగు సాయపడింది. లేత బూడిదరంగు ఈకకు కొస దగ్గర వెడల్పాటి నల్లని పట్టీ ఒక్కటే ఉంది. ఊళ్లలో కోడిపిల్లలను ఎత్తుకుపోయే చిన్న డేగ తోక ఈక అయితే దాని మీద అడ్డచారలు ఒకదాని కింద ఒకటిగా ఉండేవి.

చిన్న ఈకలకు ఇంతకంటే గట్టి పరీక్ష ఉంది. కవరులోని గోధుమరంగు ఈకను తిరగేసి, ఈనె మొదట్లో వేలితో మెల్లగా విడదీసి చూస్తే, పెద్ద ఈకకు వెనకవైపు అంటుకుని దూదిలాంటి రెండో ఈక కనిపించింది. ఇలాంటి పిల్ల ఈక కోడి జాతి పక్షుల ఒంటి ఈకలకు బాగా పెరుగుతుంది, పావురానికి దాదాపు ఉండదు. మిగిలిన చిన్న ఈకల అడుగు సగం మెత్తని నూగుతో నిండి ఉన్నా, వెనక రెండో ఈక లేదు. వాటిని నల్లటి గొడుగు గుడ్డ మీద రుద్దితే తెల్లని పొడి అంటింది. పావురం ఈకల మీద సహజంగానే ఆ పొడి ఉంటుంది. ఈ రెండు పరీక్షలూ మీరే ఇంటి దగ్గర చేసుకోవచ్చు.

డేగ పావురాన్ని పట్టి పీకి ఉంటే ఈకలు ఒకేచోట కుప్పగా పడేవి. మీకు దొరుకుతున్నవి రోజుకొకటి అరా, అదీ వేర్వేరు చోట్ల. ఈనెల మొదళ్లు కొరికినట్టు గానీ విరిగినట్టు గానీ లేవు, నున్నగా ఉన్నాయి. పావురానికి ఒక్కో రెక్కకు 10 పెద్ద ఎగురు ఈకలు, తోకకు 12 ఈకలు ఉంటాయి. అన్నీ ఒకేసారి రాలితే ఎగరలేదు కనుక, రెక్క ఈకలను లోపలివైపు నుంచి కొస వైపుకు ఒక్కొక్కటిగా కొన్ని నెలలపాటు మార్చుకుంటుంది. ధాన్యం కోసం మీ గాదె దగ్గర వాలుతున్న పావురాలు పాత ఈకలు వదిలిపోతున్నాయి, అంతే.

నాకు ఆందోళన కలిగించేది ఈకలు కాదు, పావురాలు మీ కోళ్ల మేత దగ్గరకు రావడం. కొక్కెర తెగులు కలిగించే వైరస్ పావురాలకూ సోకుతుంది, వాటి రెట్టతో కలుషితమైన మేత, నీళ్ల ద్వారా కోళ్లకు చేరగలదు. గాదెను, గూటి కిటికీలను అరంగుళం కన్నుల జాలీతో మూయండి, సాయంత్రం మిగిలిన గింజలు ఊడ్చేయండి. ఎండిన రెట్టను పొడిగా ఊడ్చకుండా, నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తీయాలి. ఈ తెగులు రాకుండా కోడిపిల్లలకు 5–7 రోజుల వయసులో లసోటా టీకా కంటిలో ఒక చుక్క, 6–8 వారాల వయసులో ఆర్‌2బి టీకా వేయించాలి. పెద్ద కోళ్లకు ఇంతవరకు టీకా పడకపోతే పశువైద్యుణ్ణి అడిగి వేయించండి. ఆకుపచ్చ విరేచనం, మెడ మెలితిరగడం కనబడినా, ఒకేసారి ఎక్కువ కోళ్లు చనిపోయినా వెంటనే పశువైద్యశాలకు తెలపండి.

కోడిపిల్లలను ఎత్తుకుపోతున్నదేమిటో ఈ ఈకలు చెప్పవు. పగలు పోతుంటే కాకిని, డేగను అనుమానించాలి. వాటికి ఉచ్చు అక్కరలేదు, పిల్లలు ఎదిగేదాకా జాలీ కింద ఉంచితే చాలు. రాత్రి పోతుంటే గూటి చుట్టూ పొయ్యిబూడిద పలచగా చల్లి, తెల్లవారి అడుగుజాడలు చూడండి. అవి పిల్లివో ముంగిసవో తేలకపోతే, పక్కన అగ్గిపెట్టె ఉంచి ఫొటో తీసి పంపండి.